వెనుకబడిన పిల్లలు – ఉపాధ్యాయుల పరిశోధనలు: ఒక విమర్శ

విశాఖపట్నం రేవులోనికి ఓడను నడిపించే పైలటు ప్రవేశమార్గం సగటు లోతు ఎంత అని అడగడు. ఆ దారిలో అన్నిటికంటె తక్కువ లోతు ఎక్కడ ఉన్నది, అది ఎంత, అని అడుగుతాడు. సగటు లోతు పదిహేను మీటర్లయినా, ఒక్కచోట ఎనిమిది మీటర్లే ఉంటే, పది మీటర్లు మునిగే ఓడ ఆ ఒక్కచోటనే నేలను తాకుతుంది. రేవులో పనిచేసేవారికి ఇది వేరే చెప్పవలసిన సంగతి కాదు. కాని అదే ఊరి బడిలో, తరగతి సగటు మార్కు పెరిగితే చదువు బాగుపడిందని తృప్తి పడటం మనకు అలవాటయిపోయింది. అడుగున ఉన్న పదిమంది పిల్లలు నేల తాకి నిలిచిపోయిన సంగతి ఆ సగటు మనకు చెప్పదు.

తరగతిలో ముందున్న పిల్లలకు, వెనుకబడిన పిల్లలకు నడుమ ఉండే ఎడమును తగ్గించటానికి ఉపాధ్యాయులే స్వయంగా పరిశోధన చేయాలనే మాట కొంతకాలంగా మన దేశంలో బాగా వినబడుతున్నది. ఈ మాట మంచిదే. అయితే ఆ పేరుతో జరుగుతున్న పనిలో శాస్త్రపద్ధతి ఎంత ఉన్నది, అది వెనుక బెంచీ పిల్లవానికి ఏపాటి మేలు చేస్తున్నది అని విచారించవలసి ఉన్నది. ఈ వ్యాసం ఆ విచారణకే.

ఉపాధ్యాయ పరిశోధన అంటే ఏమిటి?

1953లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ అనే ఆచార్యుడు ఒక పుస్తకం ప్రకటించాడు. బడిలో ఎదురయ్యే సమస్యను పరిష్కరించటానికి ఆ బడిలో పనిచేసేవారే పరిశోధన చేయాలని, అప్పుడే దాని ఫలితం ఆచరణలోకి వస్తుందని అందులో వాదించాడు. దీనినే మనవారు క్రియాత్మక పరిశోధన అంటారు. 1975లో ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ ఈ భావాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి, ఉపాధ్యాయుడు తన బోధనను తానే పరీక్షకు పెట్టుకోవాలని చెప్పాడు. మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడినప్పుడు, క్రియాత్మక పరిశోధన వాటి విధుల్లో ఒకటి అయింది. విశాఖపట్నం జిల్లాకు ఆ సంస్థ భీమునిపట్నంలో ఉన్నది.

అయితే పేరు రాకముందే పని ఉన్నది. ఇందుకు విశాఖపట్నం చరిత్రలోనే ఒక గొప్ప దృష్టాంతం దొరుకుతుంది. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె. ఎ. యేట్స్ అనే దొర బడులు తనిఖీ చేస్తూ ఒక సందేహంలో పడ్డాడు. పిల్లలు మాట్లాడే తెలుగుకు, వారి పుస్తకాల్లో ఉన్న తెలుగుకు ఇంత తేడా ఎందుకున్నది? ఈ ప్రశ్నను ఆయన అప్పుడు విశాఖపట్నంలో మిసెస్ ఎ. వి. ఎన్. కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి. టి. శ్రీనివాస అయ్యంగారి ముందు పెట్టాడు. గిడుగు రామమూర్తిపంతులు, గురజాడ అప్పారావుగార్లు దీనికి సమాధానం చెప్పగలవారని అయ్యంగారు సూచించారు. అక్కడినుంచి వ్యావహారిక భాషోద్యమం ఎట్లా సాగిందో చదువరులకు తెలిసినదే.

ఆ ఉద్యమంలోని సాహిత్య వివాదాన్ని పక్కన పెట్టి, యేట్స్ ప్రశ్నలోని శాస్త్రదృష్టిని మాత్రం చూడండి. పిల్లవాడు చదవలేకపోతే “వీడికి బుద్ధి లేదు” అనటం సులభం. యేట్స్ ఆ మాట అనలేదు. పిల్లవానిలో కాక పాఠంలో లోపం ఉన్నదేమో అని అడిగాడు. గిడుగువారు అంతకు పూర్వమే ఈ పని చేసి ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, చుట్టుపట్ల కొండల్లోని సవరల భాష నేర్చుకోవటానికి, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకున్నారు. వారి పలుకుబడి వ్రాసుకున్నారు, పాఠ్యపుస్తకాలు తయారుచేశారు, స్వంత ఖర్చుతో బడులు పెట్టించారు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం ఆ శ్రమకు ఫలం. సవర పిల్లవాడు బడిలో వెనుకబడటానికి కారణం అతని తలలో కాక ఎదుటనున్న భాషలో ఉన్నదని కనిపెట్టటం ఉపాధ్యాయ పరిశోధనకు మొదటి మెట్టు. సుమారు శతాబ్దం గడచిన తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ మొదలయిన గిరిజన భాషల్లో తొలి తరగతుల పాఠాలు మొదలుపెట్టినప్పుడు నడిచిన దారి ఇదే.

నమూనా నివేదికలోని నాలుగు లోపాలు

ఇప్పుడు క్రియాత్మక పరిశోధన అనగానే ఉపాధ్యాయునికి అలవాటయిన నమూనాను చూద్దాం. ఒక సమస్యను ఎన్నుకోవాలి. ముందొక పరీక్ష పెట్టాలి. నెలరోజులు ఆటలతోనో, పటాలతోనో, అదనపు అభ్యాసంతోనో బోధించాలి. తరువాత మరొక పరీక్ష పెట్టాలి. రెండవ సగటు మొదటి సగటుకంటె ఎక్కువ వస్తే “పరికల్పన రుజువయింది” అని వ్రాయాలి. ఈ చట్రంలో నాలుగు పెద్ద లోపాలు ఉన్నాయి. ఇవి వ్రాసే ఉపాధ్యాయుని అశ్రద్ధవల్ల వచ్చినవి కావు. చట్రంలోనే ఉన్నాయి.

మొదటిది సగటు. నలభైమంది పిల్లలున్న ఒక తరగతిని ఊహించుకోండి. ఇరవయి అయిదు మార్కుల పరీక్షలో అడుగున ఉన్న పదిమందికి తలా 4, నడుమ ఇరవైమందికి తలా 12, పైన ఉన్న పదిమందికి తలా 20 వచ్చాయి. సగటు 12. నెల గడచిన తరువాత అడుగువారికి మళ్లీ 4, నడిమివారికి 15, పైవారికి 24 వచ్చాయనుకుందాం. ఇప్పుడు సగటు 14.5. నివేదికలో ఇది విజయం. కాని పైవారికి అడుగువారికి ఉన్న ఎడం 16 నుంచి 20కి పెరిగింది. ఎడం తగ్గించటానికి మొదలుపెట్టిన పరిశోధన, ఎడం పెరిగినందుకు తనను తాను మెచ్చుకుంటున్నది.

రెండవ లోపం ఇంతకంటె సూక్ష్మమయినది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తును, పిల్లల ఎత్తును పోల్చి ఒక విచిత్రం కనిపెట్టాడు. మిక్కిలి పొడవైనవారి పిల్లలు తల్లిదండ్రులంత పొడవు ఉండక, సగటువైపు జరుగుతారు. మిక్కిలి పొట్టివారి పిల్లలూ అంతే. మార్కులకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. ఒకరోజు పరీక్షలో అడుగున వచ్చిన పదిమందిలో కొందరు నిజంగా చదువు రానివారు. కొందరికి ఆనాడు జ్వరం, కొందరికి రాత్రి నిద్ర లేదు, కొందరికి ప్రశ్న అర్థం కాలేదు. ఈ పదిమందినే మళ్లీ పరీక్షిస్తే, ఏమీ బోధించకపోయినా, వారి సగటు కొంత పెరిగి తీరుతుంది. ఈ సహజమైన పెరుగుదలను బోధన ఫలితంగా లెక్క వేసుకోవటం, తానే తగ్గే జలుబుకు మందు మహిమ ఆపాదించటంవంటిది. దీనికి విరుగుడు కష్టమయినది కాదు. ఒక పరీక్షతో పిల్లలను ఎన్నుకొని, వేరొక పరీక్షను ప్రారంభ కొలతగా తీసుకోవాలి. పక్క సెక్షనులో అదే స్థాయిలో ఉన్న పిల్లలు ఆ నెలలో ఎంత పెరిగారో చూడాలి.

మూడవ లోపం ప్రశ్నపత్రంలో ఉన్నది. రెండవ పరీక్ష సులభమయితే తెలివైనవారు 25 దగ్గర ఆగిపోతారు, అక్కడనుంచి పైకి పోవటానికి చోటు లేదు. అడుగువారు మాత్రం పైకి వస్తారు. ఎడం తగ్గినట్లు కాగితంమీద కనిపిస్తుంది. నిజానికి తగ్గినది కొలబద్ద పొడవు. ముందున్నవారిని నెలరోజులు ఊరికే కూర్చోబెట్టినా ఎడం తగ్గుతుంది, అది ఎవరూ కోరే తగ్గింపు కాదు. అందుచేత ఎడం ఒక్కటే చెప్పకుండా, అడుగువారు ఎంత పెరిగారు, పైవారు ఎంత పెరిగారు అనే రెండు సంఖ్యలూ విడివిడిగా చెప్పటం నిజాయితీ.

నాలుగవది, రానివారి లెక్క. చివరి పరీక్షనాడు బడికి రాని పిల్లలు ఎవరు? తండ్రితో పనికి పోయినవారు, చెల్లెలిని ఎత్తుకొని ఇంట ఉన్నవారు, పని వెతుక్కుంటూ వలసపోయిన కుటుంబాలవారు. అనగా ఎక్కువభాగం అడుగునుంచే జారిపోతారు. పదిమందిలో ముగ్గురు పోగా మిగిలిన ఏడుగురి సగటు పెరిగిందంటే చదువు పెరిగినట్లు కాదు. ఓడలు నిర్మించే ఊళ్లో, ఉక్కు పోసే ఊళ్లో, పనివారి పిల్లలు ఇల్లు మారటం సామాన్యం. కనుక ఇక్కడి ఉపాధ్యాయునికి ఈ నాలుగవ లెక్క తక్కిన మూడింటికంటె ముఖ్యమయినది.

ఆంధ్రప్రదేశ్ ప్రయోగం ఏమి చెప్పింది?

ఈ విషయంలో మన రాష్ట్రంలోనే ప్రపంచానికి తెలిసిన ఒక ప్రయోగం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్దయెత్తున పరిశోధన చేశారు. ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు ఇందుకు తోడ్పడ్డాయి. బడులను చీట్లు వేసినట్లు యాదృచ్ఛికంగా విభజించి, ఒక్కొక్క గుంపులో ఒక్కొక్క పద్ధతి అమలు జరిపి, ఏ పద్ధతీ లేని బడులతో పోల్చారు. పైన చెప్పిన రెండవ లోపానికి ఇంతకంటె మంచి విరుగుడు లేదు.

అందులో ఒక పద్ధతి మన చర్చకు సూటిగా తగులుతుంది. పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడి ఉన్నారో వివరంగా వ్రాసి, ఏమి చేయవచ్చునో సూచనలతోసహా ఆ నివేదికను ఉపాధ్యాయులకు ఇచ్చారు. అప్పుడప్పుడు తరగతికి వచ్చి చూచిపోయారు. 2010లో ప్రకటించిన ఫలితం ఇది: పరిశీలకులు వచ్చినప్పుడు ఆ బడుల ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధగా పనిచేస్తూ కనిపించారు, కాని సంవత్సరాంతాన స్వతంత్రంగా జరిపిన పరీక్షల్లో వారి విద్యార్థులు ఇతర బడుల విద్యార్థులకంటె ఏమాత్రం మెరుగుగా లేరు.

అదే పరిశోధనలో మరికొన్ని బడులకు ఇటువంటి నివేదికలతోపాటు, పిల్లల చదువు పెరిగినకొద్దీ ఉపాధ్యాయులకు బోనసు ఏర్పాటుచేశారు. రెండేళ్ల తరువాత అక్కడి పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందుకు పోయారు. ఈ కొలతను ఇట్లా అర్థం చేసుకోవచ్చు: నూరుమంది పిల్లల వరుసలో సరిగా నడుమ నిలిచిన పిల్లవాడు లెక్కల్లో పదిమందిని, భాషలో ఆరేడుగురిని దాటి ముందుకు జరిగినంత.

ఈ ఫలితాలను చూచి రెండు తొందరపాటు మాటలు వినవస్తాయి. “ఉపాధ్యాయులకు డబ్బు ఆశ చూపితేగాని పనిచేయరు” అనేది ఒకటి. “ఉపాధ్యాయులచేత పరిశోధన చేయించటం దండుగ” అనేది రెండవది. రెండూ ప్రయోగం చెప్పినదానికంటె ఎక్కువ చెపుతున్నాయి. ప్రయోగం పరీక్షించినది బయటివారు తయారుచేసిన నివేదికను. ప్రశ్న ఉపాధ్యాయునిది కాదు, పరీక్ష అతనిది కాదు, దానిపై పనిచేయటానికి కాలపట్టికలో ఒక గంట కూడా అదనంగా కేటాయించలేదు. ఇంటి చూరు కారుతున్నదని చీటీ వ్రాసి ఇచ్చి, నిచ్చెన ఇవ్వకుండా, సంవత్సరం తరువాత వచ్చి ఇంకా కారుతున్నదే అని నమోదు చేసినట్లున్నది. సమాచారం ఒక్కటే చాలదు అని మాత్రం ఈ ప్రయోగం గట్టిగా రుజువు చేసింది. బోనసు బడుల్లో అదే సమాచారానికి పనిచేసే కారణం తోడయింది. ఆ కారణం డబ్బే కానక్కరలేదని ఇతర రాష్ట్రాల అనుభవం చెపుతున్నది.

గంట ఎక్కడినుంచి వస్తుంది?

బీహారులో 2008 వేసవిలో, ప్రథమ్ అనే సంస్థ పద్ధతిననుసరించి, ప్రభుత్వ ఉపాధ్యాయులు ఒక నెలపాటు వెనుకబడిన పిల్లలకు శిబిరాలు నడిపినప్పుడు పిల్లలకు చదవటం, లెక్కలు మెరుగుపడ్డాయి. అదే రాష్ట్రంలో ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి బడి సంవత్సరంలో ఆ పద్ధతినే వాడమన్నప్పుడు చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. పద్ధతి ఒకటే. వేసవిలో వారికి చేయవలసిన పని అదొక్కటే, బడి తెరచిన తరువాత పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలనే ఒత్తిడి. 2012-13లో హర్యానాలో ఈ అడ్డును తొలగించి చూశారు. రోజుకొక గంట ప్రత్యేకించి, ఆ గంటలో పిల్లలను తరగతినిబట్టి కాక, వారికి ఎంతవరకు చదవటం వచ్చునో దానినిబట్టి గుంపులు చేసి, ఉపాధ్యాయులే నేర్పారు. తనిఖీ అధికారులు ముందు తామే కొన్నాళ్లు ఆ పద్ధతిలో బోధించి, తరువాత ఉపాధ్యాయులకు సాయపడ్డారు. హిందీలో పిల్లలు 0.15 ప్రామాణిక విచలనం మెరుగుపడ్డారు. బోనసు లేదు. ఆ గంటలో లెక్కలు చెప్పలేదు, లెక్కల్లో మార్పూ రాలేదు. ఏది చెపితే అదే వచ్చిందనటానికి ఇదొక మంచి సాక్ష్యం.

గుంపులు చేయటం ఎందుకు అవసరమో ఢిల్లీలో జరిగిన మరొక పరిశోధన వివరిస్తుంది. 2015లో మురళీధరన్, అభిజీత్ సింగ్, గానిమియన్ అక్కడి ఉన్నత పాఠశాల పిల్లలను పరీక్షించినప్పుడు, ఆరవ తరగతి విద్యార్థి సగటున లెక్కల్లో రెండున్నర తరగతుల వెనుక ఉన్నాడని తేలింది. మామూలు బోధనలో అడుగు మూడవవంతు పిల్లలు కొలవదగ్గ పురోగతి ఏమీ పొందలేదు. ఉపాధ్యాయుడు భిన్నాలు చెపుతున్నాడు, పిల్లవాడు తీసివేత దగ్గర ఆగి ఉన్నాడు. ఆ పాఠం ఎంత చక్కగా చెప్పినా అతని తలమీదుగా పోతుంది.

మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతి ఈ సంగతిని ముందే గుర్తించింది. పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులపై వ్రాశారు, పిల్లవాడు తానున్న మెట్టునుంచి మొదలుపెట్టి తన నడకతో పైకి ఎక్కుతాడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు దీనిని చూచి తమకు తగినట్లు మార్చుకొని “నలి కలి” అనే పద్ధతిని నెలకొల్పారు. తెలుగు నేలమీద పుట్టిన ఒక ఆలోచనను కన్నడ ఉపాధ్యాయులు తమదిగా చేసుకున్న ఈ ఘట్టం, ఉపాధ్యాయులు తామే మార్చి చూచుకున్న పద్ధతి ఎట్లా వేళ్లు పట్టుతుందో తెలుపుతుంది.

మంచి పరిశోధన ఎట్లా ఉండాలి?

విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవలోహం నుంచి నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. కర్బనం, మాంగనీసు మొదలయినవి ఎంత ఉన్నవో నిమిషాల్లో తెలుస్తుంది. కొరత ఉంటే పోత పోయకముందే సరిచేస్తారు. పోత పోసి, గట్టిపడిన తరువాత దోషం కనిపెట్టి ఏమి లాభం? మన సంవత్సరాంత పరీక్షలు గట్టిపడిన ఉక్కును పరీక్షించటంవంటివి. ఉపాధ్యాయుని పరిశోధన ద్రవలోహాన్ని పరీక్షించటంవంటిది కావాలి. పిల్లవాడు ఏ మెట్టుమీద ఆగినాడో ఈ వారం తెలియాలి, వచ్చేవారం పాఠం మారాలి, ఆపైవారం మార్పు పనిచేసిందో లేదో చూడాలి.

ఇందుకు పెద్ద సామగ్రి అక్కరలేదు. తరగతిలో ఎవరు అక్షరం వద్ద, ఎవరు పదం వద్ద, ఎవరు వాక్యం వద్ద ఆగారో ఒక్కొక్కరిచేత చదివించి వ్రాసుకోవాలి. పరీక్షను రెండుసార్లు, వేరువేరు రోజుల్లో పెట్టాలి. ఒకే మార్పును ఎన్నుకోవాలి, నాలుగు మార్పులు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు. పక్క సెక్షను ఉపాధ్యాయునితో జత కూడి, ఆయన ఈ నెల, ఈయన వచ్చే నెల ఆ మార్పు అమలుచేస్తే, పోలిక దానంతట అదే ఏర్పడుతుంది, ఏ పిల్లవానికీ అన్యాయం జరగదు. చివరి పట్టికలో మొదట ఉన్న ప్రతి పిల్లవాని పేరుకు ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, రానివాని పేరు ఎదుట “రాలేదు, ఎందుకు” అని ఉండాలి. మార్పు పనిచేయకపోతే ఆ మాటే వ్రాయాలి.

ఈ చివరి షరతు ఉపాధ్యాయుని చేతిలో లేదు, అతని పై అధికారుల చేతిలో ఉన్నది. “పనిచేయలేదు” అని వ్రాసిన నివేదికను తప్పుగా చూచేచోట ఎవరూ నిజం వ్రాయరు. వ్రాసినవన్నీ విజయాలే అయితే వాటినుంచి నేర్చుకొనేది ఏమీ ఉండదు. ప్రయోగశాలలో విఫలమయిన ప్రయోగానికి ఉన్న గౌరవం తరగతిగదిలోని విఫల ప్రయోగానికి కూడా దక్కినప్పుడే ఇది శాస్త్రమవుతుంది.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. పిల్లల మధ్య ఎడమంతా బడిలో పుట్టినది కాదు. ఆకలి, పని, వలస, ఇంటి భాష, తల్లిదండ్రుల చదువు దానిలో పాలు పంచుకుంటాయి. ఉపాధ్యాయునికి ఒక గంట, ఒక నోటుబుక్కు ఇచ్చి, తరతరాల అసమానతను ఈ ఏడాదిలో తుడిచివేయమనటం న్యాయం కాదు. అట్లా తుడవలేదని అతన్ని నిందించటం అంతకంటె అన్యాయం. అయినా, రేవునుంచి పాడేరు మన్యందాకా, బడిలో కూర్చున్న ప్రతి పిల్లవానికి చదవటం, వ్రాయటం, కూడిక, తీసివేత వచ్చి తీరాలనే కోరిక హద్దులోనిదే. అయిదేళ్లు బడికి వచ్చి చదవటం రాకుండా బయటికి పోయే పిల్లకు ఆ తరువాత ఏ పథకమూ పూర్తి పరిహారం ఇవ్వలేదు.

నూరు సంవత్సరాలకు పైబడిన క్రిందట విశాఖపట్నంలో ఒక బడి ఇన్‌స్పెక్టరు పిల్లవానిని వదిలి పాఠాన్ని ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకటానికి ఒక పాఠశాల ఉపాధ్యాయుడు తన జీవితమే ధారపోశాడు. ఇప్పుడు మన ఉపాధ్యాయులకు అంత త్యాగం అక్కరలేదు. రోజుకొక గంట కావాలి, సగటును దాటి అడుగును చూపే ఒక పట్టిక కావాలి, ఫలితం ఏదయినా నిజం వ్రాయగల స్వేచ్ఛ కావాలి. ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ విద్యాశాఖ ఇవ్వవలసినవి. నడుమనున్న పట్టికను ఏ ఉపాధ్యాయుడయినా రేపు ఉదయం మొదలుపెట్టవచ్చు.